ఒక్కరికీ ఒక విస్తరి

‘మీ విశాఖపట్నంలో చూడ్డానికేమున్నాయో నాకు తెలుసు గానీ, తినడానికేమున్నాయో చెప్పవే’ అని ఫోన్లో అడిగింది నా స్నేహితురాలు. కైలాసగిరి, రుషికొండ, సింహాచలం, సబ్‌మెరైన్ అని వేళ్ళు మడిచి చెప్పడానికి సిద్ధంగా ఉన్న నేను తెల్లబోయాను. ఈ ఊరికి కోడలిగా వచ్చి పదహారేళ్ళయింది. ఈ పదహారేళ్ళలో నేను వండినదంతా అమ్మి ఉంటే ఓ చిన్న హోటలు నడిచి ఉండేది. కానీ ఊళ్ళో నేను తిన్నదెంత? పెళ్ళిళ్ళలో భోజనాలు, పాప పుట్టినరోజుకి ఏదో ఒక హోటలు, సినిమా నుంచి వస్తూ బండి మీద ఓ ప్లేటు నూడిల్సు. అంతే!

మీలో చాలామందిదీ ఇదే పరిస్థితేమో. రైతుబజారు, పాల బూత్, బడి, గ్యాస్ ఆఫీసు... ఆడవాళ్ళకి సొంత ఊరి మ్యాపు అంతమటుకే ఉంటుంది. మగవాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి ‘ఫలానా సెంటర్లో బజ్జీలు భలే ఉన్నాయి’ అంటే, ‘అయ్యో! నాలుగు కట్టించుకుని రాకపోయారా’ అంటాం గానీ, మనమే వెళ్ళి తినొచ్చని తోచదు.

నా స్నేహితురాలూ నేనూ విజయనగరంలో కలిసి బి.ఏ. చదివాం. కాలేజీ ఎదుట బండి మీద పునుగులు మొదటి వాయిలోనే తినాలని క్లాసు ఎగ్గొట్టిన మనిషి తను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడాదిన్నర క్రితం వాళ్ళాయన హఠాత్తుగా పోయారు. కొడుకు ఇంటర్, హాస్టల్లో ఉంటాడు. ‘వంటేం చేసుకున్నావే?’ అని ఎప్పుడడిగినా ఒకటే మాట: ‘ఒక్కదానికి ఏం వండుకుంటానే? ఆవకాయుంది, మజ్జిగుంది. పూట గడిచిపోతోంది.’

ఆ మాట నాకు నచ్చేది కాదు. నచ్చకపోయినా ఏమనాలో తెలిసేది కాదు. మూడు రోజులు సెలవు పెట్టి రమ్మన్నాను. ‘నువ్వు అడిగిన ప్రశ్నకి నాకూ జవాబు తెలీదు. ఇద్దరం కలిసి వెతుకుదాం’ అన్నాను. సంక్రాంతి వెళ్ళిన వారానికి వచ్చింది. మావారికీ పాపకీ మూడు రోజులూ సాంబారు, చారు పొడులతో సర్దుకోండని చెప్పి మేమిద్దరం ఊరి మీద పడ్డాం.

తెల్లవారుజామున హార్బర్లో...

విశాఖ తిండి గురించి తెలుసుకోవాలంటే హోటల్లో మొదలుపెట్టకూడదు, ఫిషింగ్ హార్బర్లో మొదలుపెట్టాలి. ఈ సలహా మా వాచ్‌మన్ భార్యది. నాలుగున్నరకి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం.

ఓడలొచ్చే పెద్ద రేవు వేరు, ఇది వేరు. పెద్ద రేవులోకి మొదటి ఓడ వచ్చింది 1933లో. చేపల బోట్లకి విడిగా ఈ హార్బరు కట్టింది 1970ల్లో. పెద్ద బోట్లు ఒకసారి వెళ్తే పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉంటాయట. మేం వెళ్ళేసరికి లైట్ల కింద బోట్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఐసు పెట్టెలు, ప్లాస్టిక్ క్రేట్లు, కాళ్ళ కింద చల్లటి నీళ్ళు, నెత్తి మీద గద్దలు, చుట్టూ కేకలు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నడవాల్సి వచ్చింది.

అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది చేపలు కాదు, ఆడవాళ్ళు. వేటకి వెళ్ళేది మగవాళ్ళే గానీ, చేప గట్టెక్కాక లెక్కంతా ఆడవాళ్ళదే! వేలంపాటలో నలుగురైదుగురు కలిసి ఒక వాటా పాడుకుని, దాన్ని మళ్ళీ వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారు. ఏ చేప ఏ పేటలో పోతుంది, ఎంతకి పోతుంది, ఎవరింట్లో ఇవాళ ఒక్కపొద్దు అన్నీ వాళ్ళకి తెలుసు. తెల్లారేసరికి గంపలు నెత్తికెత్తుకుని కొందరు, ఆటోల్లో కొందరు ఊళ్ళోకి వెళ్ళిపోతారు. మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టే పనీ వాళ్ళదే.

గోదావరి జిల్లాల వాళ్ళు వంజరం అనేదాన్ని ఇక్కడ కోనాం అంటారు. చందువా, పండుగప్ప ఖరీదైన వాళ్ళ చేపలు. కనగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు మనలాంటి వాళ్ళవి. ‘రుచి మాత్రం బీదోళ్ళ సేపకే ఉంటాదమ్మా’ అంది గంప ముందు కూర్చున్న ఒకావిడ. యాభై ఐదేళ్ళుంటాయేమో. ముఖాన కుంకుమ లేదు. ముక్కుకి మాత్రం పెద్ద అడ్డబాస.

‘ఏటి కావాలమ్మా?’ అంది.

‘కొనడానికి రాలేదమ్మా. ఊరికే చూద్దామని’ అంది నా స్నేహితురాలు.

‘సూత్తే కడుపు నిండిపోద్దేటి?’ అని పకపకా నవ్విందావిడ.

మాటల్లో పడ్డాం. తాజా చేపని ఎలా గుర్తుపట్టాలో తనే చూపించింది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉండాలి. లోపలికి పీక్కుపోయినా, తెల్లటి పొర కమ్మినా వద్దు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోకూడదు, వెంటనే పైకి రావాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మర బోట్లు వేటకి వెళ్ళవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. ఆ రెండు నెలల్లో ‘ఇవాళే వచ్చిన కోనాం’ అని ఎవరైనా బల్లగుద్ది చెబితే ఓ పట్టాన నమ్మకండి. 2023 నవంబరులో ఒక రాత్రి ఇక్కడ మంటలు లేచి బోట్లు వరసగా కాలిపోయిన సంగతి కూడా చెప్పింది. ‘బోటు మగోళ్ళది. ఆకలి మాత్తరం అందరిదీ కదమ్మా’ అంది.

‘రోజంతా చేపలమ్మి ఇంటికెళ్ళాక మళ్ళీ చేపలే తినబుద్ధేస్తుందా?’ అని నేనడిగాను.

‘ఎందుకు తిననూ? అమ్మగా ఉన్నదాంట్లో రెండు ముక్కలు తీసి పక్కనెడతాను. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. కూతుళ్ళు అత్తోరిళ్ళకెళ్ళిపోనారు. ఒక్కదాన్నే. ఒండుకుని తినకపోతే రేపు ఈ గంప ఎవరు మోత్తారు తల్లీ?’

నా స్నేహితురాలు ఏమీ మాట్లాడలేదు. ఆటోలో తిరిగి వస్తుంటే మాత్రం మెల్లగా చెప్పింది. వాళ్ళాయన పోయిన మూడో నెలలో ఒకరోజు ఎందుకో చేపల పులుసు తినాలనిపించిందట. పావుకిలో తెచ్చుకుంది. పులుసు వాసన గుమ్మం దాటేసరికి, బంధువుల్లోనే ఒకావిడ ‘అప్పుడే చేపలా?’ అందట. పెద్దగా తిట్టిందేం లేదు. ఆ ఒక్క ముక్కే. గిన్నె అలాగే పనమ్మాయికి ఇచ్చేసి ఆ రోజు నుంచి ఆవకాయా, మజ్జిగా!

అంబలి నుంచి ఇడ్లీ దాకా

పొద్దున్న ఆరింటికి బీచిరోడ్డు నడిచేవాళ్ళతో కిటకిటలాడుతుంది. అక్కడ అమ్ముడుపోయేది టీ ఒక్కటే కాదు, అంబలి. రాగుల్ని మా వైపు చోళ్ళు అంటాం. చోడి పిండి రాత్రి నానబెట్టి, పొద్దున కాచి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ నంజుకి ఇస్తారు. మా అమ్మమ్మ కాలంలో పొలం పనికెళ్ళే వాళ్ళ ముంతలో ఉండే అంబలి, ఇప్పుడు షుగరు, బి.పి. వచ్చిన ఆఫీసర్ల చేతిలో గ్లాసయి కూర్చుంది. మేం తాగిన బండి నడిపేది ఒక అమ్మాయి. ఐదింటికల్లా దుకాణం పెట్టి, తొమ్మిదింటికి ఖాళీ చేసి, పిల్లాణ్ణి బడికి పంపుతుందట. ‘మీరు ఎన్నింటికి తింటారు?’ అంటే ‘నేను తాగాకే గదండీ బండి తీస్తాను’ అంది. నా స్నేహితురాలు నా వైపు చూసింది. పొద్దున్నుంచీ ఇది రెండోసారి!

టిఫిన్లకి విశాఖలో కొదవలేదు. ద్వారకానగర్లో సాయిరాం పార్లర్ లాంటి చోట్ల పొద్దున్న కుర్చీ దొరకడం కష్టం. చాలామంది ప్లేటు పట్టుకుని నిలబడే తినేస్తారు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో పొయ్యి మీద ఇడ్లీలు, గారెలు వేసే ఇళ్ళున్నాయి. పేరూ బోర్డూ ఉండవు. వరస ఎంతుందో చూసి గుర్తుపట్టాలి. పునుగులు మాత్రం సాయంత్రమే. బొంబాయి చట్నీ పోసి ఇస్తారు. పూరీలోకి ఎంత బాగుంటుందో పునుగుల్లోకీ అంతే.

‘సార్ వస్తున్నారా?’

మధ్యాహ్నం భోజనానికి పేరున్న ఓ హోటల్‌కి వెళ్ళాం. పేరు చెప్పను. సర్వర్ మమ్మల్ని చూసి, మా వెనక చూసి, ‘సార్ వస్తున్నారా మేడమ్?’ అన్నాడు. ‘ఏ సారూ రావడంలేదు’ అన్నాను. ‘ఇద్దరేనా?’ అని, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న బల్లలన్నీ వదిలేసి, చేతులు కడుక్కునే చోటు పక్కన ఒక మూల కూర్చోబెట్టాడు. అన్నం తింటున్నంతసేపూ ఎవరో ఒకరు పుక్కిలిస్తున్న చప్పుడు! నేను ఊరుకునేదాన్నేమో. నా స్నేహితురాలే లేచి మేనేజర్ దగ్గరకెళ్ళి, ‘డబ్బులు అందరితో సమానంగానే తీసుకుంటారా, మాకేమైనా తగ్గిస్తారా?’ అని అడిగింది. పాతికేళ్ళ కుర్రాడు. నొచ్చుకుని కిటికీ పక్కకి మార్చాడు. పప్పు మాత్రం బాగుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

రాత్రి మావారు, పాపతో కలిసి దసపల్లాలో ఆంధ్రా భోజనం చేశాం. విశాఖ వచ్చిన చుట్టాలు ‘మీ ఊళ్ళో దసపల్లా భోజనం’ అని అడగడం ఎప్పట్నుంచో ఉంది. వేడన్నంలో పప్పు, పొడి, నెయ్యి, గోంగూర. అలవాటైన రుచే గానీ, ఎవరో వడ్డిస్తుంటే కూర్చుని తినే రుచి వేరు కదండీ! ‘ఇంకొంచెం వెయ్యమంటారా?’ అని ఎవరైనా నన్ను అడిగి ఎన్నాళ్ళయిందో.

మా ఉత్తరాంధ్ర వంటలో మిగతావాళ్ళకి వింతగా తోచేవి రెండు: బెల్లం, ఆవ. అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కనే ఉంటే చేతికి బెల్లం తగలకుండా ఎలా ఉంటుంది? పులుసులో బెల్లం, కూరలో బెల్లం, ఇంగువ చారులోనూ బెల్లమే. ఇక పనసపొట్టుకి ఆవ పెట్టకపోతే అది కూరే కాదు. హోటళ్ళలో ఇవి అరుదుగా దొరుకుతాయి. ఇళ్ళలోనూ, కర్రీ పాయింట్లలోనూ దొరుకుతాయి. మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే ఇద్దరు తోడికోడళ్ళు ఆదివారం పనసపొట్టు కూర చేస్తారు. పదకొండున్నర దాటితే అయిపోతుంది. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకి ఈ కర్రీ పాయింట్లు ఎంత సాయమో, వంట తప్ప వేరే చదువు లేదనుకున్న ఆడవాళ్ళకీ అంత ఆధారం.

రంగం నుంచి వచ్చిన గిన్నె

రేవు ఉన్న ఊరికి సరుకులే కాదు, రుచులూ ఓడెక్కి వస్తాయి. మా వైపు పాత పాటల్లో, సామెతల్లో ‘రంగం’ అనే ఊరు వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. మా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వేలాదిమంది కూలీనాలీకి ఓడెక్కి బర్మా వెళ్ళారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు లక్షలాది భారతీయులతో పాటు మన వాళ్ళూ అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు. ఇక్కడికొస్తే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి! మిగిలిన వాళ్ళలో చాలామంది 1960ల్లో, అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ స్వాధీనం చేసుకున్నాక, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేట పేరు వెనక ఉన్న కథ ఇదే.

మా పక్క వీధిలో ఒక మామ్మగారున్నారు. పుట్టింది రంగూన్లో. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఓడలో వచ్చేశారు. మేం అడగ్గానే రెండో రోజు సాయంత్రం మాకు ఖౌస్వే చేసి పెట్టారు. ఉడికించిన నూడిల్స్ మీద, శనగపిండి, కొబ్బరిపాలతో చిక్కగా కాచిన కోడి పులుసు పోసి, ఆపైన వేయించిన ఉల్లిపాయలు, వేయించిన వెల్లుల్లి, ఉడికించిన గుడ్డు, ఎండుమిరప పలుకులు, నిమ్మరసం. ఎవరికి కావలసినవి వాళ్ళు వేసుకోవాలి. చూడ్డానికి మనది కాదనిపిస్తుంది గానీ నోట్లో పెట్టుకుంటే శనగపిండి పులుసు రుచి ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది.

‘అక్కడ మాకు రెండస్తుల ఇల్లుండేదమ్మా. వచ్చేటప్పుడు ఏవీ తేనివ్వలేదు. మా అమ్మ తెచ్చుకోగలిగింది ఈ వంటొక్కటే. దీన్ని ఏ ఆఫీసరు లాక్కుంటాడు?’ అన్నారు మామ్మగారు. ఆవిడకిప్పుడు డెబ్బై దాటాయి. ‘పిల్లలొచ్చినప్పుడే చేస్తారా?’ అంటే, ‘వాళ్ళు ఏడాదికోసారి వస్తారు. నాకు ఆర్నెల్లకోసారైనా తినాలనిపిస్తుందే!’ అన్నారు నవ్వుతూ.

మురీ మిక్స్చరు, బెంగాలీ భోజనం

ఊరన్నాక అందరూ ఉంటారు. విశాఖ మరీనూ. నేవీ వల్ల పంజాబీలు, మలయాళీలు. రైల్వే, స్టీల్‌ప్లాంటుల వల్ల ఒడియావాళ్ళు, బెంగాలీలు. పైగా కలకత్తా నుంచి చలికాలంలో, పూజా సెలవుల్లో దండుగా వచ్చే యాత్రికులు. బీచికి దగ్గర్లో బెంగాలీ భోజనం దొరుకుతుందని బోర్డులు పెట్టిన హోటళ్ళు కనిపిస్తాయి. ఓ చోట ఆవ ముద్దతో చేసిన చేప తిన్నాం. మా పనసపొట్టు ఆవకీ, వాళ్ళ చేప ఆవకీ చుట్టరికం ఉందనిపించింది. తమాషా ఏమిటంటే, ఎదురుగా ఇంత సముద్రం ఉన్నా బెంగాలీలకి మంచినీటి చేపే కావాలి. వాళ్ళు ఇష్టంగా తినే రోహు, కట్ల మన కొల్లేరు, భీమవరం వైపు చెరువుల్లోవి. అక్కణ్ణుంచి కలకత్తాకీ లారీల్లో వెళ్తాయి. విశాఖ వచ్చి తిన్నా మన చేపే, ఇంటి దగ్గర తిన్నా మన చేపే!

బీచిలో సాయంత్రం తినాల్సింది మురీ మిక్స్చరు. గోదావరి వాళ్ళు మరమరాలు అనేవాటిని, రాయలసీమ వాళ్ళు బొరుగులు అనేవాటిని మేం మురీలు అంటాం. ఈ మాట ఒడియా, బెంగాలీల్లోనూ ఉంది. ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, వేరుశనగలు, కొత్తిమీర, నిమ్మరసం, కాలం అయితే పచ్చి మామిడికాయ తురుము. గిన్నెలో వేసి గరిటెతో టకటకా కలిపి కాగితప్పొట్లంలో పోస్తారు. వెంటనే తినాలి. ఐదు నిమిషాలాగితే మెత్తబడిపోతుంది. పక్కనే టమాటా బజ్జీ. బజ్జీని నిలువునా కోసి, లోపల ఉల్లిపాయలు, కారప్పూస కూరి నిమ్మకాయ పిండి ఇస్తారు. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, వేయించిన చేప ముక్కలు కూడా దొరుకుతాయి. చేపల బండి దగ్గర మాత్రం మూకుడులో నూనె రంగు చూడండి. నల్లగా ఉంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. మీ కళ్ళ ముందు వేయించిందే తినండి.

ఒక్కదాన్నే!

మూడో రోజు మధ్యాహ్నం చిక్కొచ్చిపడింది. పాప బళ్ళో తల్లిదండ్రుల మీటింగు. మావారికి కుదరదు. ‘ఇంట్లో అన్నం ఉంది, పులుసుంది. నువ్వు తినేసి పడుకో. మూడింటికి వచ్చేస్తాను’ అని చెప్పి వెళ్ళాను.

రెండున్నరకి ఫోను. ‘ఎక్కడున్నావే?’ అంటే జగదాంబ సెంటరు దగ్గరంది. ఆటో ఎక్కి ఒక్కతే బయల్దేరిందట. జంక్షన్లో నాలుగు హోటళ్ళ ముందు నిలబడి, లోపలికెళ్ళాలా వద్దా అని పది నిమిషాలు తచ్చాడిందట. చివరికి ఓ చిన్న మెస్‌లోకి వెళ్ళి కూర్చుంది. అన్నీ నిండిన బల్లలే. మగవాళ్ళే ఎక్కువ. పెద్దాయన ఒకాయన విస్తరి వేస్తూ ‘ఒక్కరేనా అమ్మా?’ అన్నాడట.

‘ఆ మాటకి నాకు గుండె దడదడలాడిందే. ఏడాదిన్నర నుంచి అందరూ అడిగేది ఆ ప్రశ్నే గదా. రైల్లో, బ్యాంకులో, పెళ్ళిళ్ళలో. ఎప్పుడూ తల దించుకునేదాన్ని. ఇవాళ మాత్రం, అవునండీ ఒక్కదాన్నే, చేపల పులుసు కూడా వెయ్యండి అన్నాను. ఆయనేమీ అనుకోలేదే! ముక్కలు రెండేశాడు. ఇంకో గరిటె పులుసు పోశాడు. అడక్కుండానే అప్పడం తెచ్చి పెట్టాడు.’

‘ఏం తిన్నావు?’

‘కోనాం. బెల్లం కొంచెం ఎక్కువైంది. అయినా మొత్తం తినేశాను.’

ఆ మాట చెబుతుంటే తను నవ్వుతోందో, ఏడుస్తోందో ఫోన్లో నాకు తెలీలేదు. నేనూ అడగలేదు.

వెళ్ళేటప్పుడు సంచిలో

విశాఖ వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళకూడదు. మాడుగుల హల్వా ముందుగా చెప్పాలి. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు పులియబెట్టి, పంచదార, నెయ్యితో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి తిప్పుతూ చేస్తారు. పుట్టిల్లు అనకాపల్లి జిల్లాలోని మాడుగుల. విశాఖలోనూ దొరుకుతుంది. గోధుమపాలు తీయడం ఎంత పనో ఒక్కసారి ఇంట్లో ప్రయత్నిస్తే తెలుస్తుంది. అప్పుడు రేటు ఎక్కువనిపించదు.

అరకు కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనుక్కోవచ్చు. తేనె కూడా అక్కడే ఉంటుంది. ఆ సంస్థ 1956 నుంచీ ఉంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, చుక్క నూనె లేకుండా మంట మీద కాల్చే బొంగు చికెన్ ఊళ్ళోనూ దొరుకుతుంది గానీ, అరకు వెళ్ళే దారిలో వేడివేడిగా తింటేనే దాని రుచి. ఎండు చేపలు కొంటే మూడు పొరల కవరు కట్టించుకోండి. లేకపోతే బస్సంతా మీ వైపే చూస్తుంది!

మా స్నేహితురాలి సంచిలో ఇవన్నీ సర్దాను. ఎండు నెత్తళ్ళు వద్దంటుందేమో అనుకున్నాను. తనే అడిగి మరీ పావుకిలో పెట్టించుకుంది.

వెళ్ళిన రెండు వారాలకి ఫోన్లో ఒక ఫొటో పంపింది. చిన్న గిన్నె, అందులో రెండు కనగంతలు, పైన కొత్తిమీర. కింద ఒక ముక్క రాసింది: ‘వాసన గుమ్మం దాటింది. దాటనీ!’

నేను కూడా ఓ నిర్ణయానికొచ్చాను. నెలకోసారి, ఇంట్లో వాళ్ళందరూ వెళ్ళాక, ఒక్కదాన్నే బయటికెళ్ళి కూర్చుని ఒక ప్లేటు ఏదైనా తినాలి. మొన్న మొదటిసారి వెళ్ళాను. పెసరట్టు, ఉప్మా. అల్లం చట్నీ రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఇంటికొచ్చాక మా అత్తయ్యతో చెబితే, ‘ఒక్కదానివే వెళ్ళావా?’ అన్నారు. కోప్పడతారేమో అనుకున్నాను. ‘వచ్చే నెల నన్నూ తీసుకెళ్ళు’ అన్నారు!

ఒక్కరికి సరిపడే చేపల పులుసు

వంటల పుస్తకాల్లో కొలతలన్నీ నలుగురికే ఉంటాయి. ఇది ఒక్కరికే.

కావలసినవి: చేప ముక్కలు మూడు (లేదా చిన్న కనగంతలు రెండు), ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిరపకాయలు రెండు, చింతపండు ఉసిరికాయంత, కారం ఒక చెంచా, ధనియాల పొడి అర చెంచా, పసుపు చిటికెడు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, జీలకర్ర పావు చెంచా, మెంతులు ఆరేడు గింజలు, బెల్లం చిన్న పలుకు, నూనె రెండు పెద్ద చెంచాలు, ఉప్పు, కరివేపాకు, కొత్తిమీర.

చేసే విధానం: ముక్కలకి ఉప్పు, పసుపు, అర చెంచా కారం పట్టించి పావుగంట ఉంచాలి. వెల్లుల్లి, జీలకర్ర కలిపి నూరుకోవాలి. వెడల్పాటి చిన్న గిన్నెలో నూనె కాగాక మెంతులు, కరివేపాకు, ఉల్లి ముక్కలు, చీల్చిన పచ్చిమిర్చి వేసి ఉల్లి ఎర్రబడేదాకా వేయించాలి. వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయాక, మిగిలిన కారం, ధనియాల పొడి, వెంటనే గ్లాసు చింతపండు పులుసు పోసి, ఉప్పు, బెల్లం వేయాలి. పులుసు తెర్లాక ముక్కలు పరిచినట్టు వేసి సన్నసెగ మీద పది నిమిషాలు ఉంచాలి. గరిటె పెట్టొద్దు, ముక్క విరుగుతుంది. గిన్నెని రెండు చేతులా పట్టుకుని తిప్పితే చాలు. దింపేముందు కొత్తిమీర వెయ్యాలి.

పొద్దున చేసుకుని రాత్రి తింటే ముక్కకి పులుసు బాగా పడుతుంది. గిన్నెలోనే తినెయ్యకండి. విస్తరో, కంచమో పెట్టుకుని, కూర్చుని వడ్డించుకోండి.